తలుపుల మేస్త్రి పడవ ప్రయాణం

ప్రియమైన అమ్మడూ,

ఈ ఉత్తరం రాయకుండా ఎగ్గొడదామనే అనుకున్నాను. చెప్పడానికి కొత్త సంగతేమీ లేదు. పడవ తీసుకుని వద్దామంటే గాలి ఇంకా మీ ఊరి వైపు నుంచే వీస్తోంది. ఎదురుగాలికి పడవ నడపడం కుర్రవాళ్ల పని, గడియారాల షాపు మూసేసి సముద్రం మీద పడిన నాబోటి వాడిది కాదు. కానీ రాయకపోతే నువ్వు ఫోన్ చేస్తావు. ఫోన్‌లో నాకు సగమే వినబడుతుంది, మిగతా సగం నేనే కల్పించుకుంటాను. ఎందుకొచ్చిన గొడవ.

మన పడవని రేవులో అందరూ యాట్ అంటారు. మీ నాన్నా నేనూ కలిసి కొన్నాం కదా, ఇద్దరికీ ఈత రాకుండానే. ఇప్పుడది గట్టు మీద దిమ్మెలపై కూర్చుంది. ఎండకి చెక్కలు ఎండి సందులు పడ్డాయి. లోపల పడుకుంటే వెలుతురు నా పొట్ట మీద చారలు చారలుగా పడుతోంది. పక్క పడవకి రంగులేసే అతను తొంగిచూసి, "పెద్దాయనా, ఇది పడవా, జల్లెడా?" అన్నాడు.

గడియారంలో అయితే కాస్త సందు ఉండాలి, లేకపోతే చక్రం తిరగదు. ఒకాయన తన గడియారం శుభ్రం చేసుకుని, మరలన్నీ బిగుతుగా బిగించి, "ఆగిపోయింది, నీ పనితనం ఇంతేనా" అని నా మీదకే వచ్చాడు. ఆ కథ ఇప్పుడెందుకులే. ఈ సందులకేం చెయ్యాలో మన తలుపుల మేస్త్రిని, అదే మీ నాన్నని, అడిగి రాయి.

నీ మావయ్య

---

ప్రియమైన మావయ్యా,

నాన్నని అడిగాను. ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "నూలుదారం దూర్చి కొయ్యసుత్తితో దంచమను. పైన లప్పం పెట్టమను. చుక్క వెలుతురు కనబడకూడదు. నేను బిగించిన తలుపు సందులోంచి చీమ దూరలేదని చెప్పు."

ఇప్పుడు నా సంగతి. ఉద్యోగం బదిలీ అయింది. నెలాఖరుకి ఇల్లు మారాలి. కొత్త ఊళ్లో సముద్రం కాదు గదా, చెరువు కూడా లేదట. నాన్న ఒక్క చొక్కా కూడా సర్దుకోవడం లేదు. "మీ మావయ్య పడవ తెస్తాడు. ఒక్కసారి అందులో తిరిగొచ్చాక నన్నెక్కడికైనా పట్టుకుపో, సంతలో అమ్ముకో, నాకేం" అంటాడు. బలవంతం చేస్తే వస్తాడు. వచ్చి, బతికున్నన్నాళ్లూ గోడవైపు తిరిగి కూర్చుంటాడు. ఆయన సంగతి నీకు తెలియనిదా?

వస్తే రా. రాలేకపోతే రాలేనని చెప్పు. మధ్యలో వేలాడదీయకు.

నీ మేనకోడలు

---

అమ్మడూ,

మీ నాన్న చెప్పినట్టే చేశాను. దంచాను, లప్పం పెట్టాను, రంగేశాను. చుక్క వెలుతురు లేదు. లోపల పేపరు చదవడానికి దీపం పెట్టుకోవాల్సి వచ్చింది. పడవని నీళ్లలోకి దింపించాను. ఆ సాయంత్రమే గాలి తిరిగింది. అచ్చంగా మీ ఊరి వైపే. రొట్టెలు కొన్నాను, మంచినీళ్లు నింపాను.

తెల్లారేసరికి ధన్‌మని చప్పుడు. చెక్క నీళ్లు తాగి ఉబ్బింది. ఉబ్బడానికి మేం చోటు ఉంచలేదు. మేకులు ఊడి ఒక పలక కదిలిన పన్నులా బయటికి వచ్చేసింది. క్రేన్ వాళ్లు నవ్వుతూనే మళ్లీ గట్టెక్కించారు. పడవతో పాటు ఇచ్చిన పుస్తకం తీసి చూస్తే అందులో ఉంది: ఎండిన పడవని వదులుగా వదలాలి, నాలుగు రోజులు కారనివ్వాలి, సందులు చెక్కే మూసుకుంటుంది. ఆ పేజీ నేను చదవలేదు. తలుపు తడవకూడదు, పడవ తడవాలి. ఇంత చిన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు.

గాలి ఇంకా బాగానే ఉంది. పడవే లేదు. రాలేనని మీ నాన్నకి చెప్పు. తప్పు నాదేనను. సలహా మాట ఎత్తకు.

మావయ్య

---

ప్రియమైన మావయ్యా,

ఎత్తకు అన్నావు కాబట్టి ఎత్తకుండానే చెప్పాను. ఆయన అడిగి అడిగి లాగేశాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. పొద్దున్న పాలకని వెళ్లినవాడు తిరిగి రాలేదు. చూస్తే పనిముట్ల పెట్టె లేదు. మందులు మాత్రం టేబుల్ మీదే ఉన్నాయి.

నువ్వు ఫోన్ ఎత్తవు. మీ రేవు ఆఫీసుకి చేస్తే, "ముసలాళ్లిద్దరూ పడవ కింద కూర్చుని పోట్లాడుకుంటున్నారమ్మా" అన్నారు. ఊపిరి పీల్చుకున్నాను.

మందులు ఈ పార్సిల్‌లో ఉన్నాయి. తెల్లవి పొద్దున, పచ్చవి రాత్రి. తారుమారుగా వెయ్యకండి. ఇల్లు మారడానికి మాట్లాడిన లారీని వెనక్కి వేయించాను, కానీ ఇంకోసారి వాయిదా కుదరదు. ఆయన నాతో వస్తాడా రాడా అన్నది మాత్రం రాయి. ఏదైనా వింటాను.

నీ మేనకోడలు

---

ప్రియమైన అమ్మడూ,

మీ నాన్న వస్తూనే అన్న మొదటి మాట, "నేను చెబితే మాత్రం ఎందుకు విన్నావురా?" కాఫీ ఇచ్చాను. అదీ బాగోలేదన్నాడు.

దంచిందంతా ఉలితో తవ్వి తీశాం. కొత్త పలక ఆయనే చేశాడు. చెయ్యి ఊరుకోదు కదా, ప్రతిసారీ బిగుతుగా కూర్చోబెట్టేవాడు. "తగ్గించు బావా" అనేవాణ్ణి. తిట్టుకుంటూ చిత్రిక పట్టేవాడు. "పుట్టి బుద్ధెరిగాక వదులుగా చెయ్యడం ఇదే మొదలు, ఎవరికీ చెప్పకు" అన్నాడు. అందుకే నీకు రాస్తున్నాను. నీళ్లలోకి దింపాక వంతులవారీగా బకెట్లతో తోడాం. తోడగా తోడగా కారడం ఆగింది.

అప్పటికి గాలి పక్కకి తిరిగింది. మీ ఊరు చేరడానికి పనికిరాదు, కాసేపు బయటికి పోయి రావడానికి సరిపోతుంది. వెళ్లాం. రేవు గోడ దాటగానే పడవ ఊగడం మొదలైంది. ఆయన రెండు చేతులా చుక్కాని పట్టుకుని కూర్చున్నాడు. మాట్లాడిందంతా నేనే. ఏం మాట్లాడానో నాకే గుర్తులేదు. ఊరు వెనకాల అగ్గిపెట్టెంత అయింది.

"భయంగా ఉందా బావా?"

"లేదు. మీ అక్క బతికుంటే ఈపాటికి ఇంటికి పోదాం అనేది."

ఇంకాస్త దూరం పోనిచ్చాడు. తర్వాత "సరే, తిప్పుదాం" అన్నాడు. తిప్పాం.

రాత్రి చొక్కాలు తనే మడత పెట్టుకున్నాడు. కొత్త ఇంట్లో తలుపులు టేకువా, రేకువా అని అడిగాడు. నాకు తెలియదన్నాను. వచ్చి చూసుకుంటాడట.

ఈ పొద్దున మీ ఊరి బస్సెక్కించాను. కిటికీ పక్క సీటే దొరికింది, కాకపోతే సముద్రం వైపు కాదు. మారతారా అని కండక్టర్ అడిగాడు. అక్కర్లేదన్నాడు.

మావయ్య