మాలకీ ఇంట బ్రిజిడ్ తల్లి పండుగ

లీట్రిమ్, 1968 జనవరి 10

స్లైగోలో ఉన్న అక్కకి తమ్ముడు మాలకీ రాయునది. ఇక్కడ నేనూ, నాలుగు ఆవులూ క్షేమం. బావ నడుంనొప్పి తగ్గిందా?

ఈసారి ఫిబ్రవరి ఒకటిన బ్రిజిడ్ తల్లి పండుగ మన ఇంట్లోనే చేద్దామనుకుంటున్నాను. అమ్మ పోయాక రెండేళ్ళుగా గుమ్మం మీద కొత్త సిలువ లేదు. అమ్మ చేసే కోల్‌కానన్ ఎలా చేస్తారు? తుంగతో సిలువ ఎలా అల్లుతారు? పండుగ ముందురోజు సాయంత్రం ఆరింటికి ఒక మనిషిని భోజనానికి పిలిచాను. పదకొండేళ్ళుగా గొంతు దాకా వచ్చి ఆగిపోతున్న మాట ఒకటి ఆ మనిషిని అడగాలి. నలభై రోజుల ఉపవాసాలు మొదలయ్యేలోపు అడక్కపోతే ఈ ఏడూ అంతే.

ఇట్లు,
యాభై రెండేళ్ళ నీ తమ్ముడు మాలకీ

తా.క. ఆ మనిషెవరని అడక్కు. మన పోస్టమ్మ కవర్లను కెటిల్ ఆవిరి మీద పట్టి విప్పుతుంది. పోస్టమ్మా, బావున్నారా?

స్లైగో, జనవరి 14

ఒరేయ్ మాలకీ, ఆశీస్సులు.

ఉపవాసాల్లో పెళ్ళిళ్ళు చెయ్యరు కదా, వాడు పెళ్ళి మాట అడుగుతాడేమో అన్నారు మీ బావ. ఇద్దరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. చివరికి తేలిందేమిటంటే, వచ్చేది ఫాదర్. పదకొండేళ్ళుగా నువ్వు దాచిన పాపమేదో ఒప్పుకోబోతున్నావు. మంచిదే.

కోల్‌కానన్‌కి బంగాళాదుంపలు ఉడకబెట్టి మెత్తగా చిదుము. ఉడికించిన క్యాబేజీ కలిపి, మధ్యలో గుంట చేసి వెన్న పెట్టు. వెన్న దగ్గర మాత్రం పిసినారితనం చూపించకు. తుంగ చేత్తో పీకాలి, కత్తి తగలకూడదు. చీకటి పడే వేళకి ఒకరు తుంగ మోపుతో గుమ్మం బయట నిలబడి, “మోకరించండి, బ్రిజిడ్ తల్లిని రానివ్వండి” అని మూడుసార్లు అడగాలి. లోపలివాళ్ళు “రా తల్లీ, రా” అని తలుపు తియ్యాలి.

ఇట్లు,
నీ మేలుకోరే అట్రాక్టా

తా.క. ఫాదర్ వచ్చినప్పుడు కుక్కని కట్టెయ్యి. నీ మేజోళ్ళని కుక్కకంటే దూరంగా కట్టెయ్యి.

లీట్రిమ్, జనవరి 19

అక్కకి నమస్కారాలు.

మొదటి కోల్‌కానన్ మాడింది. రెండోది బాగా కుదిరింది గానీ, ఉప్పు సరిపోయిందో లేదో చూస్తూ చూస్తూ గిన్నె ఖాళీ చేశాను. నేనల్లిన సిలువని ఆవు మేత అనుకుని తినేసింది. దాన్ని తప్పు పట్టలేను. గోడలకి సున్నం వేశాను. సగం గోడలకి, సగం నాకు.

వచ్చేది ఫాదర్ కాదు. ఈ ఇల్లు ఒక్కడికి మరీ పెద్దదైపోయిందక్కా. సాయంత్రమైతే అమ్మ కుర్చీ వైపు చూడలేకపోతున్నాను. ఆ మనిషి ఒప్పుకుంటే ఇల్లంతా ఆ చేతుల్లో పెట్టేస్తాను. కాదంటే ఏం చేస్తానో తెలీదు. ఆవులతో మాట్లాడుతూ ముసలాణ్ణవుతానేమో.

ఇట్లు,
సున్నం కొట్టిన మాలకీ

తా.క. ఒంటరివాడు బయట నిలబడి అడిగితే లోపలినుంచి ఎవరు పలకాలి? పరుగెత్తుకెళ్ళి నేనే పలకాలా?

స్లైగో, జనవరి 24

మాలకీ,

ఆశీస్సుల్లేవు. అమ్మ ఉన్న ఇల్లు అమ్మేస్తావురా? గోడలకి సున్నం ఎందుకేశావో ఇప్పుడర్థమైంది. కొనేవాడికి అమ్మ వంటకం కూడా వడ్డిస్తావా?

నేను ఊరుకోను. మీ ఊరి బడిలో ఊనా టీచరమ్మకి రాశాను. ముప్పై ఒకటిన ఐదింటికే పెరటి గుమ్మంలోంచి వెళ్ళి, గొడుగు పట్టుకుని కూర్చోమన్నాను. వీధి తలుపు తట్టినవాణ్ణి తట్టినట్టే తరిమెయ్యమన్నాను.

ఇట్లు,
అమ్మ కడుపున పుట్టిన అట్రాక్టా

తా.క. ఊనాని చూసి బుద్ధి తెచ్చుకో. నలభై నాలుగేళ్ళొచ్చినా ఎంత ఒద్దిక. నీలాంటి మొద్దు తగలకపోవడం ఆవిడ అదృష్టం.

లీట్రిమ్, ఫిబ్రవరి 2

అక్కా,

నీ ఉత్తరం పండుగ అయ్యాక అందింది. పోస్టమ్మ రెండుసార్లు చదివినట్టుంది.

నేను భోజనానికి పిలిచిన మనిషి ఊనాయే. ఆరింటికి రమ్మన్నాను. పాలు పితికి, ఐదున్నరకి ఆవుల కొట్టంలోంచే తుంగ మోపు పట్టుకుని, ఒకసారి మాటలు సాధన చేసుకుందామని వీధి గుమ్మం ముందుకొచ్చాను. మోకరించాల్సింది బయటివాళ్ళో లోపలివాళ్ళో నువ్వు రాయలేదు. ఎందుకైనా మంచిదని బురదలో నేనే మోకరించి తలుపు తట్టాను. నోరు తెరిచేలోపే తలుపు భళ్ళున తెరుచుకుంది. నా నెత్తి మీదికి ఎత్తిన గొడుగు. గొడుగు వెనకాల ఊనా.

ఆవిడ నా మోకాళ్ళ వైపు చూసింది. తుంగ వైపు చూసింది. గొడుగు దించింది.

“సినిమాల్లో అయితే పువ్వులు తెస్తారు మాలకీ,” అంది. “సర్లే, ఒప్పుకున్నాను. ముందు లేచి లోపలికి రా, జలుబు చేస్తుంది.”

దేనికి ఒప్పుకున్నావని అడిగేంత మొద్దుని కాను. లేచి లోపలికెళ్ళాను. అమ్మ కుర్చీలో కూర్చుని ఆవిడ రెండుసార్లు వడ్డించుకుంది. నాకు ఏడుపొచ్చింది. ఉల్లిపాయలన్నాను. కోల్‌కానన్‌లో నేను ఉల్లిపాయలు వెయ్యలేదు.

పెళ్ళి ఈ నెల ఇరవై ఏడున, ఉపవాసాలకి ముందురోజు. చెప్పుకుంటే సిగ్గుచేటు, పదకొండేళ్ళ ఆ మాట చివరికీ నేను అనలేదు. ఆవిడకి మాత్రం చెప్పకు.

ఇట్లు,
నీ తమ్ముడు మాలకీ

తా.క. వదినా, కవరు అంటించమని ఉత్తరం నా చేతికిచ్చారు, చదివాను. ఆయన ఏమీ అడగలేదని నాకు ఆ గుమ్మంలోనే తెలుసు. అడిగేదాకా ఆగితే ఇంకో పదకొండేళ్ళు పడుతుందని నేనే ఒప్పేసుకున్నాను. ఆయనకి మాత్రం చెప్పకండి. — ఊనా