మా మనవరాలు తింటోంది

ఎడిటరు గారికి,

అయ్యా, హాస్టల్లో నీళ్ళు రావడం లేదని కాలేజీ గేటు ముందు కూర్చున్న పిల్లల గురించి నిన్న మీ పేపర్లో "మూడు రోజులుగా విద్యార్థిని నిరాహార దీక్ష" అని వేశారు. ఆ విద్యార్థిని మా మనవరాలు. ఆ దీక్ష మాత్రం నా నోట పుట్టింది.

అన్నం డబ్బాతో గేటు దగ్గర నిలబడితే మీ విలేకరులు ఇద్దరు, ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. కళ్ళజోడు అబ్బాయి, "మామ్మగారూ, తినలేదని మీరు కళ్ళారా చూశారా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "పెంచినదాన్ని, నాకు తెలీదా? పోవయ్యా!" అన్నాను. రెండో ఆయన "అయ్యో పాపం" అన్నాడు. అంతే, కరిగిపోయాను. "మూడు రోజుల్నుంచి మెతుకు ముట్టలేదు నాయనా" అంటూ కొంగుతో కళ్ళొత్తుకున్నాను. విలేకరంటే ఇతనే అనుకున్నాను.

మా పిల్ల ఒక్క ముద్ద తగ్గించినా నా లెక్కలో పస్తే. మా ఆయన కూడా బతికినన్నాళ్ళూ నా లెక్కలో పస్తులే ఉన్నాడు. పొట్ట దగ్గర ఊడిన చొక్కా బొత్తాలు మాత్రం నెలనెలా కుట్టేదాన్ని.

నిరాహార దీక్ష చేసినవాళ్ళని కాలేజీలోంచి తీసేస్తామని ముందే నోటీసు అంటించారట. సోమవారం మా మనవరాల్ని విచారణకి రమ్మన్నారు. "అమ్మమ్మా, ఎవరూ పట్టుకోని నన్ను నువ్వు పట్టించావు కదే" అంది.

ఈలోగానే, ఆ పిల్ల పూటపూటా తిందని వేయండి బాబూ. రాసుకోవడానికి కళ్ళజోడు అబ్బాయినే పంపండి. నేనెంత ఏడ్చినా నమ్మొద్దని చెప్పండి. సాక్ష్యానికి నిన్నటి డబ్బా కడక్కుండా ఉంచాను. అడుగున నాలుగు మెతుకులున్నాయి. కడుపునిండా తినలేదేమోనని పొద్దుట్నుంచీ బెంగగా ఉంది.

ఇట్లు,
గేటు దగ్గర ఏడ్చిన ముసలమ్మ