ఏటిసూతకం బదిలీ

మంథని,
14-10-1988

గౌరవనీయులైన వదినగారు తారాబాయి గారికి,

ఉత్తరంలో మొదట క్షేమం, తరువాత వర్షపాతం, ఆ పిమ్మట మాత్రమే అసలు విషయం రాయవలెనని పద్ధతి. వర్షాలు బాగా కురిశాయి. క్షేమమని రాయడానికి తగిన ఆధారాలు లేనందున ఆ భాగాన్ని ఖాళీగా వదులుతున్నాను.

మీ చెల్లెలు పోయినప్పటి నుంచి మా అమ్మాయి ప్రమోదిని బడి నుంచి రాగానే టీవీ ముందు కూర్చుంటున్నది. ఎరువుల వాడకంపై చర్చలను సైతం విడువడం లేదు. కనుక సాయంత్రాలు బయట ఆడవలెనని మౌఖిక ఉత్తర్వు జారీ చేశాను. బిడ్డ తంగేడుపూలు కోసుకొని బతుకమ్మ ఆడబోతుండగా, మొన్న వచ్చిన మీరు వాకిట్లోనే ఆపారు.

"ఏటిసూతకం తీరలే, పొల్ల బతుకమ్మ ఎట్లాడ్తది మరిదీ? ఇంట్ల టీవీ ఉన్నది గదా, సూడనియ్యి" అన్నారు.

ఏడాదిపాటు పండుగలు వద్దనే ఈ సూతకం టీవీకి వర్తించదని అప్పుడే తెలిసింది. నిన్న టీవీలో బతుకమ్మ చూపించారు.

"బాపూ, టీవీల ఆడేటోళ్లతోని నేను గూడ చప్పట్లు కొడితే తప్పా?" అని ప్రమోదిని అడిగింది.

జవాబు చెప్పే అధికారం ఎవరిదో తెలియక టీవీ కట్టేశాను. ఆమె ఆ నల్లని తెర ముందే కూర్చున్నది. నేనూ కూర్చున్నాను.

కావున తెలియజేయునది: ఈ ఇంటి సూతకంలో ప్రమోదిని వాటాను నా పేరిట బదిలీ చేసుకున్నాను. చివరి రోజైన సద్దుల బతుకమ్మ నాడు ఆమె బయట ఆడుతుంది. బతుకమ్మ పేర్చడం నాకు రాదు గనుక మీరు ముందురోజే రాగలరు. ఇకపై నాకు రెండేళ్ల సూతకం. ఒకటి నాది, ఒకటి ఆమెది. ఈ నిబంధన అంతిమం, దీనిపై అప్పీలు లేదు.

మీ మరిది