ఎర్ర కుక్క, ఏడో తరగతి పాఠం

జూలై 7, సోమవారం

శనివారం ఏడో తరగతికి నా పాఠం. హెడ్‌మిస్ట్రెస్ వెనక బెంచీలో కూర్చుని చూస్తుందట. ఒక ఇంగ్లీషు మాట, దాని అర్థాలన్నీ చెప్పాలి. డాగ్ తీసుకున్నాను. టాప్ డాగ్ అంటే పెత్తందారు. అండర్‌డాగ్ అంటే ఓడిపోతాడని అందరూ అనుకునేవాడు. డాగ్ టైర్డ్ అంటే ఒళ్ళు హూనమవడం. పుస్తకంలో పేజీ మూల మడిస్తే అదీ కుక్క చెవే. పాపం, కుక్కను దేనికీ వదల్లేదు వీళ్ళు.

సాయంత్రం సెట్టి కొట్టు ముందు పడుకునే ఎర్ర కుక్క నా పిక్క పట్టింది. తోక తొక్కింది నేనే. రెండు పళ్ళు దిగాయి.

జూలై 8

తెల్లారేసరికి అమ్మ కామసముద్రం నుంచి దిగింది. అక్కడి పసరు మందాయన దగ్గరికి లాక్కుపోయింది. "సూది మాత్రం ఏసుకోవద్దు తల్లీ, పసరు ఇరిగిపోతాది" అన్నాడాయన. బీఏ బీఎడ్ చదివిన నేను కళ్ళు మూసుకుని తాగాను. మధ్యాహ్నం క్లాసులో పిల్లలకు అదో పెద్ద కథలా చెప్పాను కూడా.

జూలై 9

కుక్క బాగానే ఉంది. బన్ను తింటోంది. పప్పు వంకతో కొట్టుకు మూడుసార్లు వెళ్ళాను. సెట్టి నవ్వుతున్నాడు... "దానికేమీ లేదు టీచరమ్మా. ఇంగ పప్పు కావల్నా?"

జూలై 10

కరిచింది పిచ్చి కుక్కయితే నీళ్ళంటే భయం వస్తుందట. నాలుగు గ్లాసులు తాగి చూసుకున్నాను. గొంతు దిగేటప్పుడు ఏదో... లేదు. ఏమీ లేదు.

జూలై 11

కుక్క లేదు. "నిన్నట్నించి కనపళ్ళేదు, యాడ పోయిందో" అన్నాడు సెట్టి. ఆండర్సన్‌పేట సందులన్నీ తిరిగాను. స్కూలుకు సెలవు చెప్పి ఆసుపత్రికి పరిగెత్తాను. "నాలుగు దినాలు ఏం చేస్తా ఉండారు? పసరా? మీరు టీచరా?" డాక్టరమ్మ గొంతు ఇంకా చెవుల్లోనే ఉంది. పుండు చుట్టూ సూదులు, జబ్బకు ఒకటి. ఇంకా ఉన్నాయట. అమ్మకు చెప్పలేదు.

జూలై 12, శనివారం

పాఠం బాగా నడిచింది. వాచ్‌డాగ్, హాట్ డాగ్... మొగుడు డాగ్‌హౌస్‌లో ఉన్నాడంటే పెళ్ళాం కోపంగా ఉందని. ఒకటే నవ్వులు. పట్టాలకు కొట్టే మేకును కూడా డాగ్ అంటారని దేవి లేచి చెప్పింది. "మా తాత గనిలో కొట్టినాడు మిస్." హెడ్‌మిస్ట్రెస్ చప్పట్లు కొట్టించింది. బోర్డు మీద రాయమని దేవిని పిలిచాను. కుంటుతూ వచ్చింది.

"కాలికేమైంది?"

"ఎర్ర కుక్క మిస్. మొన్న."

"సూది వేయించారా?"

"లేదు మిస్. అవ్వ పసరు తాపించింది. 'మీ మిస్సే తాగింది, నీకేం' అన్నింది."

తర్వాత ఏం చెప్పానో గుర్తు లేదు. నాకు సిగ్గుగా ఉంది. సిగ్గు కంటే భయం ఎక్కువగా ఉంది.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. నేనూ సూది వేయించుకున్నానని చెప్పాను. అవ్వ ఎగాదిగా చూసి, "అట్లయితే పసరు ఏల తాగినారమ్మా?" అంది. చాలాసేపు బతిమాలాక, రేపు ఎనిమిదికి పిల్లను ఆసుపత్రికి తెస్తానంది.

జూలై 13

ఆసుపత్రి మెట్ల మీద పది దాకా కూర్చున్నాను. రాలేదు. వాళ్ళింటికి తాళం. పక్కింటామె చెప్పింది... "కామసముద్రం పోయినారు గదా. మీరు సూది ఏయిస్తారేమో అని అవ్వకి బయం. ఇంగో తూరి పసరు తాపించుకోని వస్తాదంట."

కామసముద్రం పోయే ఆటోలో ఉన్నాను. అక్షరాలు వంకర పోతున్నాయి. మందాయన వాకిట్లో ఉండే వాళ్ళంతా మొన్న నన్ను చూసినవాళ్ళే, గిన్నె పట్టుకుని తాగుతుంటే. ఇప్పుడు నేను వెళ్ళి దేవికి వద్దంటే...