తుడవకూడని తుప్పు

తలుపులు, కుర్చీలు చేసి బతికిన వడ్రంగిని నేను. చూపు కాస్త మందగించింది గానీ మతి నిలకడగానే ఉంది. ఎవరి బలవంతమూ లేకుండా, ఎవరూ పక్కన కూర్చుని చెప్పకుండా, నా ఇష్టప్రకారం ఈ వీలునామా రాస్తున్నాను. ఇంతకుముందు రాసినది ఇక చెల్లదు. అందులో అంతా నా కూతురికే రాశాను. ఆమె ఇప్పుడు లేదు.

దీన్ని అమలు జరిపే బాధ్యత నా అల్లుడిది.

1. ఈ ఇల్లు, వెనకవైపు పనిగదితో సహా, సర్వహక్కులతో నా భార్యకు చెందాలి.

2. రంపాలు, చిత్రికలు, బాడిస నా మనవరాలివి. ఆమె పెద్దదయ్యే దాకా అల్లుడు కాపాడాలి. వాటిని సిమెంటు గచ్చు మీద పెట్టకూడదు. ముట్టుకున్న ప్రతిసారీ పొడిగుడ్డతో తుడిచి, మిషన్ నూనె పలచగా రాయాలి. అల్లుడు మంచివాడే గానీ బద్ధకస్తుడు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

3. వెడల్పాటి ఉలి ఈ లెక్కలోకి రాదు. దాన్ని తుడవకూడదు.

కొందరి చెమట ఇనుముకు పడదు. నా కూతురిది అలాంటి చెయ్యి. ఆమె పట్టుకున్న పనిముట్టు మీద మర్నాటికల్లా వేళ్ల జాడలు ఎర్రగా తేలేవి. ఇద్దరం కలిసి పనిచేసేవాళ్లం, సాయంత్రం గుడ్డ పట్టుకుని ఆమె వెనకాలే తిరగడం నా వంతు. "నేను దొంగతనానికి పనికిరాను నాన్నా, ఇట్టే పట్టేసుకుంటారు" అని నవ్వేది. ఒకరోజు తలనొప్పిగా ఉందని ఉలి బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లింది. ఆసుపత్రి నుంచి మళ్లీ ఇంటికి రాలేదు. అన్నీ అయిపోయాక పనిగది తలుపు తీశాను. ఉలి మీద, పిడి దగ్గర, ఆమె బొటనవేలి ముద్ర గీతలతో సహా తుప్పులో నిలిచి ఉంది.

తుడవడానికి చెయ్యి రాలేదు. నూనె రాస్తే ఊడివస్తుందేమోనని భయం. అలాగే వదిలేస్తే తుప్పు పాకి ముద్రనే మింగేస్తుంది. గాలిలో తేమ లేకపోతే అది ఉన్నచోటే ఆగుతుందని పనిగదిలో ఏసీ పెట్టించాను. పడకగదిలో ఫ్యాను, పనిగదిలో ఏసీ అని చుట్టాలంతా నవ్వుకున్నారు. "ఇనుముకి ఉక్కపోస్తుందా బావా?" అని మా బావమరిది నలుగురిలో అడిగాడు. ఎవరికీ కారణం చెప్పలేదు. చెబితే ఏడుస్తాను.

4. పై బావమరిదికి ఆ గది కిటికీ రెక్కలు రెండూ ఇస్తున్నాను. మేము ఊళ్లో లేనప్పుడు ఇల్లు చూసుకోమంటే, కరెంటు దండగని ఏసీ ఆపేసి, వాన వెలిశాక మంచి గాలి రావాలని కిటికీ తెరిచిపెట్టాడు. చల్లబడ్డ ఇనుముకు తడిగాలి తగిలితే మంచినీళ్ల గ్లాసుకు పట్టినట్టే చెమట పడుతుంది. మేము వచ్చేసరికి పనిముట్లన్నీ ఎర్రబడ్డాయి. ముద్రలో ఒక అంచు చెరిగిపోయింది. ఆయన మేలే తలపెట్టాడు, నాకు తెలుసు. అయినా మనసు పూర్తిగా కరగలేదు. రెక్కలు విప్పుకుని పోయి, తన ఇంట్లో బిగించుకుని, కావలసినంత సేపు తెరుచుకోవచ్చు.

5. ఏసీ నా భార్యది. మధ్యాహ్నాలు ఆమె కూరగాయలు తెచ్చుకుని పనిగదిలో కూర్చునేది. వేడికి తాళలేక వస్తుందనుకున్నాను. ఒకనాడు గుమ్మంలోంచి చూశాను. తన బొటనవేలు ఆ ముద్రకు కాస్త పైన, తగలకుండా, గాలిలో నిలిపి కూర్చుని ఉంది. చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చేశాను. ఆ సంగతి ఇద్దరమూ ఎన్నడూ మాట్లాడుకోలేదు. వేసవి వేసవంతా ఉక్కలో పడుకుంది గానీ ఆ ఏసీ మనకు పెట్టించమని ఒక్క మాట అనలేదు. నేను పోయాక దాన్ని పడకగదిలో బిగించాలి. వద్దంటుంది, వినవద్దు.

6. ఏసీ కదిలాక ముద్ర నిలవదు. తెలిసే రాస్తున్నాను. ఆ ఉలి నా మనవరాలిది. దాన్ని అద్దాల పెట్టెలో పెట్టకండి, పదును పెట్టి చేతికివ్వండి. ఆమెకూ వాళ్లమ్మ చెమటే వచ్చింది. మొన్న నా చిన్న సుత్తితో ఆడుకుంది, మర్నాడు దాని మీద చిట్టి వేళ్లు ఎర్రగా తేలాయి. ఉలి పట్టిన నాడు ఆ బొటనవేలు వాళ్లమ్మ వేలు ఉన్నచోటే పడుతుంది, పాతది కొత్తదాంట్లో కలిసిపోతుంది. కలవనివ్వండి. ఇది నేను బతికుండగా చెయ్యవలసిన పనే. నా వల్ల కాలేదు.

సంతకం వచ్చినవాడివి వేలిముద్ర కూడా ఎందుకని సాక్షులు అడిగారు. నా చేతులు పొడిచేతులు. ఇన్నేళ్లు పట్టుకున్నా ఏ ఇనుము మీదా నా జాడ నిలవలేదు. నా మనవరాలికి అది కాగితం మీదైనా ఉండాలి.

తేదీ: జూన్ ఇరవై రెండు, బయట వాన, కిటికీలు మూసి ఉన్నాయి.

సంతకం: వడ్రంగి
పక్కన ఎడమచేతి బొటనవేలి ముద్ర

సాక్షులు:
ఎదురింటి టైలరు
రంపాలకు పదును పెట్టే పెద్దాయన