అద్దాల మూత

చంటి వాళ్ళ అమ్మకి,

ఇక్కడ నేను కులాసా. నువ్వూ అక్కడ కులాసాగానే ఉన్నావని, ఆ సముద్రపు గాలికి నీ దగ్గు మళ్ళీ తిరగబెట్టలేదని అనుకుంటూ ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. నీ ఉత్తరం అంది చాలా రోజులైంది. జవాబు ఆలస్యమైతే నీకు ఒళ్ళు మండుతుందని తెలుసు. మండనీ. ఆ వంకతోనైనా నన్ను తలుచుకుంటావు.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు చెబుతాను. వంటింటి కప్పు ఇప్పుడు కారడం లేదు. నేనే నిచ్చెన వేసుకుని ఎక్కి తారు పూశాను. పక్కింటి నర్సు కింద నిలబడి, "పడితే కట్టు కట్టాల్సింది నేనే పెద్దాయనా, నాకసలే సెలవు రోజు!" అని నేను దిగేదాకా అరుస్తూనే ఉంది. మోకాలి నొప్పి ఎక్కడికీ పోలేదు, నన్ను విడిచి ఉండలేనంటోంది. వేళకి తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. రుచిగా వండుకుంటున్నావా అని అడగలేదు కాబట్టి అబద్ధమాడే పని తప్పింది. నువ్వు పంపిన చొక్కా సరిగ్గా సరిపోయింది. చేతులు మాత్రం కాస్త పొడుగయ్యాయి. ఇన్నేళ్ళు చూడకుండా కుట్టావు కదా, ఆమాత్రం తేడా రాదూ.

ఇక విమానం సంగతి. ఎయిర్‌ఫోర్స్ గేటు ముందు స్తంభం మీద ఉండేదే, యుద్ధంలో చంటి నడిపిన రకం విమానానికి నమూనా. నువ్వు దాన్ని బొమ్మ అనేదానివి. బొమ్మే, కాదనను. ఇంజను లేదు, లోపల ఇనప చట్రం, పైన ఫైబర్ తొడుగు, అంతే. ఎండకీ వానకీ అది పెచ్చులు లేచిపోయి, ఒక రెక్క కిందికి వాలిపోయి, తోకలో పిచ్చుకలు కాపురం పెట్టుకున్నాయి. దాన్ని కిందికి దించి, షెడ్డులో పెట్టి బాగుచేసి, యుద్ధంలో పోయిన పైలట్ల గుర్తుగా మళ్ళీ నిలబెట్టాలని ఇక్కడ రిటైరైనవాళ్ళంతా పూనుకున్నారని కిందటిసారే రాశాను. రంగుల పని నాకు అప్పగించారు. జన్మంతా లారీల మీదా దుకాణాల మీదా పేర్లు రాసినవాడిని కదా.

"పనేమీ లేకపోతే ఇంట్లో కూర్చో, ఆ బొమ్మ జోలికి పోకు" అని నువ్వు రాశావు. ఇంట్లో కూర్చుంటే ఏముంది చెప్పు? గోడలూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోవడమేగా. అందుకే వెళ్ళాను. పాత రంగు గీకడానికే తలప్రాణం తోకకొచ్చింది. ఒక పొర కింద ఇంకో పొర, దాని కింద మరొకటి. ఎవరికి ఏ డబ్బా మిగిలితే అది తెచ్చి పూసిపోయినట్టున్నారు. ఒకచోట లేత గులాబీ కూడా బయటపడింది. యుద్ధ విమానానికి గులాబీ రంగేమిటో ఆ వేసిన మహానుభావుడికే తెలియాలి.

పనికి పెద్ద ఒకాయన ఉన్నాడు. చంటి ఉన్న స్క్వాడ్రన్‌లోనే ఇంజన్లు చూసిన మెకానిక్కు. ఇంజన్ల పక్కన పనిచేసి పనిచేసి ఆయనకి మామూలుగా మాట్లాడటం రాదు. అందరం ఆయన్ని గావుకేక అంటాం, ఎదురుగా కాదనుకో. విమానం పొట్ట కింద వేసే రంగు దగ్గర ఆయనకీ నాకూ రోజూ యుద్ధమే. నేను కలిపిన డబ్బాలోకి తొంగిచూసి, "ఏంటయ్యా ఇది, ఆకాశం రంగు కలపమంటే అంట్లు తోమిన నీళ్ళు కలిపావ్!" అంటాడు. మళ్ళీ కలుపుతాను. చివరికి ఆయన సరేనన్నది నేను మొదట కలిపిన రంగుకే. ఆ మాట ఆయనతో అనలేదు.

నువ్వు కింద గీత గీసి మరీ రాసిన సంగతి కూడా ఆయనకి చెప్పాను. "దాని మీద వాడి పేరు రాయనివ్వకు. బతికున్నవాడి పేరు అలాంటిచోట రాస్తారా ఎవరైనా?" అన్నావు. వాళ్ళ కోరికలోనూ తప్పు లేదు. ఇక్కణ్ణుంచి యుద్ధానికి వెళ్ళి చనిపోయినవాళ్ళందరికీ ఎక్కడో ఒకచోట సమాధి ఉంది. మన చంటికే లేదు. అందుకని ఈ విమానం మీద వాడి పేరే ఉండాలన్నారు. నీ మాట వినగానే గావుకేక మొదటిసారి గొంతు తగ్గించి, "తల్లి ఒప్పుకోకుండా ఒక్క అక్షరం పడనివ్వను, నువ్వేం బెంగ పెట్టుకోకు" అన్నాడు.

ఇంతవరకూ కలం బాగానే నడిచింది. ఇక్కడికొచ్చాక లేచి రెండుసార్లు టీ పెట్టుకున్నాను. రెండూ చల్లారిపోయాయి.

చంటి పక్క విమానం నడిపిన కుర్రాడు గుర్తున్నాడా? నా పిచ్చి కానీ, నువ్వెలా మరిచిపోతావు. నిన్ను ఇన్నేళ్ళు నిలబెట్టింది వాడి మాటే కదా. యుద్ధం అయ్యాక మనింటికొచ్చి, నీ పక్కన కూర్చుని, "మబ్బుల్లో తెల్లగా ఏదో విచ్చుకున్నట్టు కనిపించిందమ్మా, పారాచూటే అయ్యుంటుంది" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని నువ్వు కుట్టుమిషను తీసుకుని విమానం పడిన ఆ సముద్రం ఒడ్డుకి వెళ్ళిపోయావు. రేవులో పడవ దిగిన ప్రతివాడినీ చంటి ఫోటో చూపించి అడుగుతున్నావు.

ఆ కుర్రాడు పోయిన వారం షెడ్డుకొచ్చాడు. కుర్రాడని రాస్తున్నాను కానీ జుట్టు సగం నెరిసింది. నేనప్పుడు కాక్‌పిట్ మీది అద్దాల మూత బిగిస్తున్నాను. అసలు విమానంలో ఆ మూత వెనక్కి జరుగుతుంది. పైలట్ దూకాలంటే దాన్ని జరిపే దూకాలి. మన నమూనాకి ఆ అవసరం లేదు కాబట్టి, వాన లోపలికి పోకుండా చుట్టూ స్క్రూలు వేసి అతికించేస్తాం. ఆఖరి స్క్రూ తిప్పి, "చూడు బాబూ, ఇక చీమ కూడా దూరదు" అన్నాను గొప్పగా.

వాడు దగ్గరికొచ్చి మూత అంచు పట్టుకుని వెనక్కి లాగాడు. కదల్లేదు. రెండు చేతులూ వేసి లాగాడు. "అతికించేశాం నాయనా, అది రాదు" అంటున్నా వినడే. ఆఖరికి అక్కడే నేల మీద కూలబడి బావురుమన్నాడు.

"అమ్మగారికి అబద్ధం చెప్పానండీ" అన్నాడు. "తెల్లగా నాకేమీ కనపడలేదు. అసలు ఆ రోజు మబ్బే లేదు. వాడి ఇంజనుకి దెబ్బ తగిలింది, పొగ వస్తోంది. నేను పక్కనే ఎగురుతున్నాను. మూత జానెడు జరిగి ఇరుక్కుపోయింది. రెండు చేతులతో లాగుతున్నాడు. ఒకసారి నావైపు చూశాడు కూడా. నేనేం చెయ్యగలనండీ? నీళ్ళలో పడేదాకా పక్కనే ఉన్నాను. మూత రాలేదు."

"మరి ఆవిడతో అలా ఎందుకన్నావురా?" అని అడిగాను.

"నా చేతులు రెండూ పట్టుకుని, 'నువ్వేదో ఒకటి చూసే ఉంటావు, చెప్పు బాబూ' అన్నారండీ. వట్టి చేతులతో లేవలేకపోయాను. నాలుగు రోజులు ఊరటగా ఉంటుందిలే అనుకున్నాను. ఊరే వదిలి వెళ్తారనుకోలేదు. తర్వాత ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

వాణ్ణి కొట్టాలనిపించింది. చెయ్యి లేచింది కూడా. చేతిలో స్క్రూడ్రైవర్ ఉండటం చూసుకుని, కింద పెట్టేసి, వాడికి మంచినీళ్ళు తెచ్చిచ్చాను. నేను కూడా తాగాను. ఇంకేం చెయ్యాలో తెలియలేదే.

నిన్ను వెర్రిదానివని అన్నాను కానీ, నేను మాత్రం నమ్మలేదా? టెలిఫోను మోగితే ముందు మన చంటే అనుకునేవాణ్ణి. ఆ మబ్బులో తెల్లగా ఉన్నదేదో నాకూ కనిపించేది. ఆ రోజు మబ్బే లేదట. ఆ ఒక్క మాట దగ్గరే నా ప్రాణం పోయింది.

మర్నాడు షెడ్డుకి వెళ్ళి స్క్రూలన్నీ ఊడదీశాను. మూత కింద పట్టాలు వేసి, అసలు విమానంలోలాగే వెనక్కి జరిగేటట్టు చెయ్యడం మొదలుపెట్టాను. అది నా పని కాదు, నాకు రాదు కూడా. రెండుసార్లు వంకర పోయింది. గావుకేక చూసి షెడ్డు అదిరేలా అరిచాడు. "మతిపోయిందా నీకు? స్తంభం మీద ఉండేదానికి మూత తెరవడమేంటి! ఎవడొచ్చి తెరుస్తాడక్కడ?" అన్నాడు.

"మావాడిది తెరుచుకోలేదట" అన్నాను.

ఆయన వెళ్ళి గ్రీజు డబ్బా తెచ్చి, నా పక్కన కూర్చుని పట్టాలకి పూయడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి మూత ఒక్క వేలితో జరిగింది. వెనక్కి జరిపాను, ముందుకి జరిపాను. ఎన్నిసార్లు జరిపానో, ఆయనే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. వాన పడితే నీళ్ళు లోపలికి పోతాయి. పోనీ అన్నాం ఇద్దరం.

ఇదంతా నీకు రాయకపోయినా సరిపోయేది. నీ ఆశ నీకు వదిలేసి, కప్పు సంగతీ చొక్కా సంగతీ రాసి ముగించేవాణ్ణి. కానీ "కళ్ళారా చూసినవాళ్ళెవరైనా దొరికితే అడుగు, నా దగ్గర మాత్రం దాచకు" అని ప్రతి ఉత్తరంలోనూ రాసేది నువ్వే. దాచలేదు. నన్ను తిట్టు. నీ చేతికి ఏది దొరికితే అది విసిరికొట్టు. ఒక్కదానివే ఉండకు, కింది వాటాలో ఉన్నవాళ్ళని పిలుచుకో.

ఇంకొకటి ఉంది. నిన్న అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు నేను కుంచె పట్టుకుని, మూత కింద మన చంటి అసలు పేరు రాశాను. నువ్వు వద్దన్నా రాశాను. జన్మంతా ఊళ్ళోవాళ్ళందరి పేర్లూ రాశాను కానీ, వాడి పేరు ఎక్కడా రాయలేదని నిన్ననే తెలిసింది. స్కూలు పుస్తకాల మీద కూడా నువ్వే రాసేదానివి. ఉన్నవి మూడక్షరాలు. మొదటి అక్షరానికి తలకట్టు పెట్టేసరికి కళ్ళు అలుక్కుపోయాయి. చివరి అక్షరం కొంచెం కిందికి జారింది.

గావుకేక తిరిగొచ్చి చూశాడు. "ఆవిడ ఒప్పుకుందా?" అన్నాడు. లేదన్నాను. "అయితే వార్నిష్ వెయ్యకు" అని వెళ్ళిపోయాడు. నాకూ ఆ బుద్ధి ఉందిలే. నీళ్ళ రంగుతోనే రాశాను. పైన వార్నిష్ పడేదాకా తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే పోతుంది.

నువ్వు ఒక్కసారి రా. చూసి తుడిచెయ్యమంటే నా చేత్తోనే తుడిచేస్తాను, పల్లెత్తు మాట అనను. ఉంచమంటే వార్నిష్ వేస్తాను. నువ్వొచ్చేదాకా దాన్ని స్తంభం ఎక్కించవద్దని అందరికీ చెప్పాను, సరేనన్నారు.

ఆ రేవు వదిలి రాలేనంటే, అదీ రాయి. నీ గదిలో కుట్టుమిషను పక్కన ఇంకో మంచానికి చోటుందో లేదో చూసి చెప్పు, నేనే వచ్చేస్తాను. ఉన్న ఒక్క బిడ్డ కోసం మనిద్దరం రెండు ఊళ్ళలో ఏడవడం ఇక నా వల్ల కాదు.

ఇట్లు,
మన చంటి వాళ్ళ నాన్న