క్రేన్ల ముందు టీ

అన్నయ్యా,

నువ్వు పోయి నేటికి ఏడాది. న్యూ టౌన్ సైట్‌లో నీ కుర్చీ నాకిచ్చారు గానీ, మనుషులింకా నీవాళ్లే. కంప్యూటర్‌లో నేను వేసిన పట్టిక ప్రకారం ఈ ఉదయం రెండు క్రేన్లూ ఒకే మూలకు తిరగబోయి ఆగిపోయాయి. కింద కాంక్రీటు లారీలు బారులు తీరాయి.

"ఈ కాగితం ఏటి సెప్తాదమ్మా? మీ అన్న, మా దాదా అయితే ముందు టీ తాగించి, ఎవుడు ముందు తిప్పాలో మమ్మల్నే తేల్చుకోమనీవోడు," అన్నాడు ఆపరేటర్ అప్పలస్వామి.

కుళ్లుతో ఒళ్లు మండింది. పోయినవాడి మీద కూడా ఇంత ఉంటుందా? అయినా టీ తెప్పించాను. వాళ్లే వంతులు వేసుకున్నారు. మధ్యాహ్నానికి లారీలన్నీ ఖాళీ అయ్యాయి.

బెంగాలీ మేనేజరు మెచ్చుకుంటూ, "ఈ ఆలోచన ఎవరిది, దీదీ?" అన్నాడు.

అప్పలస్వామి నా వైపే చూస్తున్నాడు. నీ పేరు నాలుక దాకా వచ్చింది.

"నాదే," అన్నాను.